మొదటి గిటార్ పోయినా... చెయ్యి మిగిలింది!

కనిగిరి బస్టాండులో రాత్రిపూట హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డారనుకోండి. సంచిలో సర్టిఫికెట్లు, అన్నయ్య వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. కోచింగ్‌లో అందరి దగ్గరా కొత్తవే ఉంటాయేమో, మనకిదేనా అనిపిస్తుంది కదూ? అయితే జిమీ హెండ్రిక్స్ మొదటి ఎలక్ట్రిక్ గిటార్ సంగతి చదవండి.

రాక్ సంగీతం తెలిసినవాళ్లకు హెండ్రిక్స్ అనగానే తెల్ల గిటారే గుర్తొస్తుంది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో వాయించిన ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ అది. ఆయన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కూడా తెల్లదే. కానీ అది వేరు. రంగు చూసి రెండూ ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

మరి తేడా పట్టేదెలా? తీగల కింద చూడండి. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని పికప్ అంటారు. స్ట్రాటోక్యాస్టర్‌కు మూడు పికప్‌లు ఉంటాయి. మొదటిదానికి ఉన్నది ఒక్కటే. దాని పేరు సుప్రో ఓజార్క్. షికాగోలోని వాల్కో కంపెనీ తయారీ. అప్పట్లో పెద్ద కళాకారులు ఏరికోరి కొనే రకమేమీ కాదు.

ఇంకో గుర్తు ఉంది. జిమీది ఎడమ చేతివాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిప్పి పట్టుకుని, తీగలు మార్చి బిగించుకునేవాడు. దాంతో కింద ఉండాల్సిన నాబ్‌లు పైకి వచ్చేవి. పాత ఫొటోను పొరపాటున తిరగేసి ముద్రిస్తే కుడిచేత్తో వాయిస్తున్నట్టు కనిపిస్తాడు. అప్పుడు కూడా నాబ్‌లు పైనే ఉంటాయి. మోసపోకుండా కాపాడేది ఆ చిన్న వివరమే.

జిమీ 1942 నవంబరు 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. ఇంట్లో పేదరికం. తల్లిదండ్రులు విడిపోయారు. చీపురుకట్టను గిటార్‌లా పట్టుకుని ఆడుకునేవాడు. ఒంటి తీగ ఉన్న చిన్న వాయిద్యం దొరికితే దానిమీదే పాటలు వెతుక్కున్నాడు. 1958లో తల్లి పోయింది. ఆ ఏడాదే 5 డాలర్లకు ఓ మామూలు గిటార్ చేతికొచ్చింది. బ్యాండులో చేరితే మిగతా వాయిద్యాల హోరులో దాని శబ్దం వినపడలేదు. 1959లో తండ్రి ఆల్ ఆ తెల్ల సుప్రో కొనిపెట్టాడు.

అదీ ఎంతో కాలం నిలవలేదు. ఓ రాత్రి బర్డ్‌ల్యాండ్ అనే క్లబ్బులో స్టేజీ వెనక వదిలేసి వచ్చాడు. తెల్లారేసరికి దొంగలెత్తుకెళ్లారు. తండ్రి మళ్లీ ఎర్రటి డేన్ఎలక్ట్రో గిటార్ కొనిచ్చాడు.

దారీ తప్పాడు. దొంగిలించిన కార్లలో రెండుసార్లు పట్టుబడ్డాడు. జైలా, సైన్యమా అన్న పరిస్థితిలో 1961లో సైన్యంలో చేరాడు. అక్కడికీ గిటార్ తెప్పించుకున్నాడు. సైనిక శిబిరంలో ఆ వాయింపు విని బిల్లీ కాక్స్ అనే తోటి సైనికుడు వచ్చి పరిచయం చేసుకున్నాడు. ఏళ్ల తర్వాత వుడ్‌స్టాక్‌లో పక్కన బేస్ గిటార్ వాయించింది ఆయనే.

1962లో సైన్యం నుంచి బయటికొచ్చాక నాలుగేళ్లు పెద్ద గాయకుల వెనక వాయించాడు. 1966లో న్యూయార్క్‌లో ఓ చిన్న కెఫేలో ఆయన్ను చూసిన చాస్ ఛాండ్లర్ లండన్ తీసుకెళ్లాడు. 1967లో మాంటెరీ ఉత్సవం తర్వాత అమెరికా అంతా ఆయన పేరే. 1970 సెప్టెంబరు 18న లండన్‌లో, నిద్రమాత్రలు మోతాదు మించి, 27 ఏళ్లకే చనిపోయాడు. ఈ చివరి మాట కూడా మీరు మరిచిపోకూడదు.

ఇక మీ సంగతి. పాత ల్యాప్‌టాప్ మీద ఏం నేర్చుకున్నారు? స్నేహితుడి గదిలో కూర్చుని ఏ ప్రాజెక్టు పూర్తి చేశారు? ఈ రాత్రే తేదీలతో సహా ఓ కాగితం మీద రాయండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని వందమందిలో గుర్తుపట్టించేవి అలాంటి చిన్న వివరాలే. సుప్రోను దొంగలు ఎత్తుకెళ్లగలిగారు. దానిమీద అలవాటైన చేతివాటాన్ని మాత్రం వాళ్లు తీసుకుపోలేకపోయారు.

అన్నట్టు, బస్సులో నిద్రపోయేముందు ఆ సంచిని ఒళ్లో పెట్టుకోండి.