జ్ఞానమ్మ బడి నుంచి మన గూడేల దాకా

1988లో వరంగల్ మేత్రాసనం నుంచి విడివడి ఏర్పడిన ఖమ్మం కతోలిక మేత్రాసనం మనది. వార్షికోత్సవ వేళ పెద్దల సేవల గురించి వేదిక మీద ఎలాగూ వింటాం. నేను మాత్రం ఒక తల్లిని తలుచుకోవాలనుకుంటున్నాను.

గాలి జ్ఞానమ్మ గారు 1822లో ఫిరంగిపురంలో పుట్టారు. పెళ్లయింది, ఐదుగురు కొడుకుల తల్లయ్యారు. అంతలో భర్త పోయారు. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదానికి గడప దాటడమే గగనం. ఆవిడ గడపే కాదు, ఊరే దాటారు. తమిళనాట కీళచ్చేరిలో 1863లో ఆడపిల్లలకు బడి పెట్టారు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. అంతకు పదకొండేళ్ల ముందే పెద్ద చదువులేవీ లేని ఒక తెలుగు తల్లి ఈ పనికి పూనుకున్నారు! మన పిల్లలకు ఈ సంగతి చెప్పకపోవడం అన్యాయం. ఆ 1874లోనే డిసెంబరు 21న ఆవిడ కన్నుమూశారు. పునీత అన్నమ్మ గారి పేరు పెట్టుకున్న సిస్టర్ల సభలకు ఆవిడే మూలం. తిరుసభ ఆవిడను దైవసేవకురాలని పిలుస్తోంది.

పెదావుటపల్లిలో బ్రదర్ జోసఫ్ తంబి గారిదీ ఇలాంటి బతుకే. తనకంటూ ఏమీ దాచుకోకుండా పేదల మధ్య బతికి, 1945 జనవరి 15న అక్కడే కన్నుమూశారు.

త్యాగమనగానే లోకానికి గుర్తొచ్చేది వేరు. 1941లో నాజీల ఆష్విట్జ్ శిబిరంలో ఆకలిచావుకు ఎంపికైన ఒక పిల్లల తండ్రికి బదులుగా తాను వెళ్తానన్న ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బేను లోకమంతా ఎరుగును. ఆయన ప్రాణం ఇచ్చారు. జ్ఞానమ్మ గారు తన రోజుల్ని ఒక్కొక్కటిగా ఇచ్చుకుంటూ పోయారు. ఇది దానికంటే చిన్న త్యాగమని నేననుకోను. మన గూడేలకు ఎక్కువగా అందింది ఈ రెండో రకం త్యాగమే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కిన సంగతి మనమెవరమూ మరిచిపోలేదు. అంత వరదే రానక్కర్లేదు, వానాకాలం ఒక్క వాగు పొంగినా దారి తెగిపోయే ప్రాంతం మనది. గురువు గారు రాలేని ఆదివారం నలుగురినీ కూర్చోబెట్టి, వాక్యం చదివి, జపమాల చెప్పించేది ఉపదేశి. జ్వరమొచ్చిన బిడ్డను వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచేది, బడి మానేసిన కోయ పిల్ల కోసం ఇంటికెళ్లి తల్లిదండ్రులను బతిమాలేది సిస్టరమ్మ. అలాంటి వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద కనిపించవు.

అందుకే మేత్రాసన పెద్దలకు ఒక మనవి. ఈసారి మొదటి శాలువా మారుమూల గూడెం నుంచి వచ్చిన ఉపదేశి భుజాన వేయండి. రెండోది ఏజెన్సీలో ఏళ్ల తరబడి పనిచేసిన సిస్టరమ్మకు కప్పండి. అప్పుడు మా పినపాక వాళ్ల చప్పట్లు అందరికంటే గట్టిగా మోగుతాయి.