ఆచార్య సూరి భగవంతం - కాంతికణం లెక్క

భౌతికశాస్త్రంలో కాంతికణం ప్రసక్తి రాగానే మన విద్యార్థులు ప్లాంక్, ఐన్‌స్టీన్, మిల్లికాన్ మహాశయుల పేర్లు చెబుతారు. ఆ కాంతికణాన్ని గురించిన ఒక సత్యాన్ని ప్రయోగపూర్వకంగా ప్రకటించిన వారిలో మన తెలుగువాడొకరు ఉన్నారన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. ఆయనే ఆచార్య సూరి భగవంతం. ఫోటాన్ శక్తి లెక్క ఎదురైనప్పుడు ప్రమాణాల మార్పిడి దగ్గర తడబడే విద్యార్థికి ఆయన జీవితం ఆదర్శప్రాయం.

భగవంతం 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులయ్యారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి. వి. రామన్ తన పేరుతో ప్రసిద్ధికెక్కిన ఫలితాన్ని కనుగొన్నారు. ఆ వార్త దేశమంతటా మారుమోగుతున్న ఆ సంవత్సరమే, పందొమ్మిదేళ్లయినా నిండని ఈ యువకుడు కలకత్తా వెళ్లి రామన్ శిష్యులలో ఒకరయ్యారు.

రామన్ ఫలితం సారాంశం జమాఖర్చుల లెక్క వంటిది. కాంతికణం ఒక పదార్థంపై పడి పరిక్షేపణం చెందేటప్పుడు తన శక్తిలో కొంత ఆ పదార్థానికి ఇచ్చి, మిగిలిన శక్తితో వేరొక రంగుగా వెలువడుతుంది. ఇచ్చినది, మిగిలినది కలిపితే మొదటి మొత్తం రావాలి. 1930లో భగవంతం వజ్రంలో ఈ ఫలితాన్ని పరిశోధించారు. ఆ రోజుల్లో ఇటువంటి ప్రయోగాలకు పాదరస దీపపు నీలికాంతిని విరివిగా వాడేవారు. దాని తరంగదైర్ఘ్యం 4358 ఆంగ్‌స్ట్రాములు. వజ్రం తీసుకొనే భాగం సెంటీమీటరుకు 1332 తరంగాలు. ఒకటి పొడవు, మరొకటి తరంగ సంఖ్య. ఈ రెండింటినీ నేరుగా తీసివేయబూనడం కిలోల నుండి మూరలను తీసివేయడమే అవుతుంది.

కనుక రెండింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చాలి. 12,398ని ఆంగ్‌స్ట్రాములలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. నీలికాంతి కణానికి అది 2.845. తరంగ సంఖ్యను 8066తో భాగిస్తే వజ్రం తీసుకొన్నది 0.165. పరిక్షేపణం చెందిన కణానికి మిగిలినది 2.680 ఎలక్ట్రాన్ వోల్టులు. జమాఖర్చు సరిపోయింది.

కాంతి విద్యుత్ ఫలితం కూడా ఇటువంటి పద్దే. సోడియం లోహపు పని ప్రమేయం సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. పై నీలికాంతి దానిపై పడితే వెలువడే ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి 0.545 ఎలక్ట్రాన్ వోల్టులు. జింకుకు పని ప్రమేయం సుమారు 4.3 గనుక ఎంత ప్రకాశవంతమైన నీలి దీపం పెట్టినా దాని నుండి ఎలక్ట్రాన్ రాదు. ఇక ఆ సోడియం ఎలక్ట్రాన్ వేగం కనుక్కోవలసి వచ్చినప్పుడే అసలు పరీక్ష. 0.545ను 1.602×10⁻¹⁹తో గుణించి జౌళ్లలోకి మార్చితే వేగం సెకనుకు సుమారు 4.4 లక్షల మీటర్లు. మార్చడం మరచి 0.545నే సూత్రంలో ప్రతిక్షేపిస్తే, కాంతివేగానికి 36 లక్షల రెట్లు మించిన వేగం వస్తుంది! కాంతివేగాన్ని ఏ ఎలక్ట్రానూ మించజాలదని తెలిసిన విద్యార్థి తన తప్పును తానే పట్టుకోవచ్చు. జవాబు రాయగానే కలం మూయక, అది సాధ్యమేనా అని ఒక్క క్షణం ఆలోచించడమే శాస్త్రీయ దృష్టి.

1931లో రామన్, భగవంతం కలిసి పరిక్షేపిత కాంతి ధ్రువణాన్ని పరిశీలించి, ఫోటాన్‌కు శక్తితో పాటు స్పిన్ అనే కోణీయ ద్రవ్యవేగం కూడా ఉన్నదని నిరూపణ ప్రకటించారు. దాని పరిమాణం ప్లాంక్ స్థిరాంకాన్ని 2π చేత భాగించగా వచ్చేది, అనగా 1.055×10⁻³⁴ జౌల్ సెకన్లు. శక్తికి ప్రమాణం జౌల్. స్పిన్‌కు జౌల్ సెకను. వజ్రంలో ప్రవేశించిన కణానికీ, రంగు మారి వెలువడిన కణానికీ శక్తులు వేరు. స్పిన్ మాత్రం ఒక్కటే. 1936లో అమెరికాలో బెత్ అనే శాస్త్రజ్ఞుడు కాంతి కలిగించే మెలితిప్పును యాంత్రికంగా కొలిచి చూపారు.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. రామన్ ఫలితంపై 1940లోను, టి. వెంకటరాయుడుగారితో కలిసి సమూహ సిద్ధాంతంపై 1948లోను ఆయన రచించిన గ్రంథాలను ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1918లో ప్రారంభమైన నాటి నుండి మూడు దశాబ్దాలు భౌతికశాస్త్రాన్ని ఉర్దూలో బోధించిన ఘనత ఆ సంస్థది. మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇరువురూ ఇది గుర్తుంచుకోదగినది. బోధనా భాష ఏదైనా ఎలక్ట్రాన్ వోల్టు విలువ మారదు. తరువాత ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవలందించి, 1989లో పరమపదించారు.

తిరుపతి నుండి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉన్నది. అక్కడి వాతావరణ పరిశోధనా కేంద్రంలో 1998లో లైడార్ అనే పరికరాన్ని నెలకొల్పారు. అది 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు కాంతిని ఆకాశంలోకి పంపి, గాలి పరిక్షేపణం చేసిన కాంతికణాలను కాంతి విద్యుత్ ఫలితంతో పనిచేసే నాళికతో లెక్కిస్తుంది. భగవంతంగారు యౌవనంలో చేపట్టిన పరిక్షేపణ విద్యే మన ఇంటి ముంగిటికి వచ్చింది. ఆ ఆకుపచ్చ కాంతికణం శక్తి ఎన్ని జౌళ్లో ఈ పుట చదివిన ప్రతి విద్యార్థీ స్వయంగా లెక్క కట్టాలి. ముందుగా నానోమీటర్లను ఆంగ్‌స్ట్రాములలోకి మార్చడం మాత్రం మరువరాదు.