సర్ ఎడ్విన్ జాన్ బట్లరు

ఓరుగల్లు సీమలో తాడిచెట్టు లేని గ్రామ మరుదు. కల్లు, ముంజలు, కప్పునకు ఆకు, దూలమునకు మ్రాను ఇన్నింటి నొసగు ఆ చెట్టునకు కొనయందలి మొవ్వ యొక్కటే ప్రాణము. అది కుళ్ళినచో చెట్టు మరల చిగురింపదు. ఆ మొవ్వకుళ్ళునకు కారణమును కనిపెట్టినవాడు బట్లరు.

ఆయన 1874లో ఐర్లండులోని కిల్కీ యను ఊర జన్మించెను. వైద్యవిద్య ముగించెను గాని మనుష్యుల రోగములకంటె మొక్కల రోగములే ఆయన మనస్సు నాకర్షించెను. 1901లో భారతదేశమునకు వచ్చి, 1905 నుండి బీహారులోని పూసా పరిశోధనాలయమున శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను.

ఆ దినములలో గోదావరి డెల్టాలో తాళ్లు విరివిగా చచ్చుచుండెను. బట్లరు తెగులు సోకిన చెట్ల మట్టలను ఒక్కొక్కటిగా ఒలిచి పరీక్షించెను. వెలుపలి మట్ట మొదట నొక మచ్చ, దాని క్రింది మట్టపై మరియొకటి. ఇట్లు పొరపొరను తొలుచుకొనుచు కుళ్ళు మొవ్వను చేరుచుండెను. దీనికి మూలమైన సూక్ష్మజీవికి ఆయన 1907లో పేరు పెట్టెను.

దాని నడక విచిత్రమైనది. తడి తగిలినప్పుడు దాని తిత్తులనుండి రెండేసి తోకలుగల బీజములు వెలువడి నీటిలో ఈదును. అనువైన చోట తోకలు విడిచి, గుండ్రనై, మొలకెత్తును. ఆ మొలక కొన యుబ్బి మొక్క చర్మము నంటిపట్టుకొని, సన్నని పోగును లోనికి దూర్చును. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమములోని రాగి ఆ బీజములను మొలకెత్తనీయదు. పోగు లోపల చొచ్చినపిమ్మట మాత్రము అది నిరుపయోగము. మైసూరు సీమలో కోల్మను పోకగెలలపై ఆ మందునే చల్లించి కుళ్ళు నరికట్టెను. పోకగెల బయట వ్రేలాడును. తాటిమొవ్వయో, మట్టల నడుమ దాగియుండును.

కనుక రోగము సోకిన చెట్ల తలలు నరికి కాల్చుటయే మార్గమని బట్లరు నిశ్చయించెను. పైకి ఇంకను పచ్చగా కనిపించు చెట్టును నరుకుమనుట గీతవానికెంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను డెల్టాలో ప్రభుత్వమువారు అట్లే చేయించిరి. ప్రక్కచెట్లను కాపాడుటకు అంతకంటె చేతనైన యుపాయము నాడు లేకుండెను.

1918లో మొక్కల తెగుళ్లపై ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము వెలువడెను. 1920లో ఇంగ్లండులోని క్యూ నందు శిలీంధ్రశాస్త్ర సంస్థకు అధిపతియై, 1935 వరకు దానిని నడిపెను. 1939లో సర్ బిరుదము నందెను, 1943లో గతించెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ తాటి రోగజీవిని నిజమైన శిలీంధ్రముగా నెంచక వేరొక తెగలో చేర్చిరి. కోకో కాయలను నల్లబరచి కుళ్ళించునదియు నదియే. దాని శాస్త్రీయనామము చివర నేటికిని బట్లరు పేరే వ్రాయబడుచున్నది.