ఐదుగురు పిల్లలతో ఒక బడి: బేగం రుఖయ్యా

చదువు ఆడపిల్లలకూ అవసరమేనని మన ఇళ్లలో అందరం ఒప్పుకుంటాం. తీరా కూతుర్ని బడికి పంపే రోజు వచ్చేసరికి దూరమనీ, తోడు లేదనీ, నలుగురూ ఏమనుకుంటారోననీ వెనుకాడతాం. ఇలా వెనుకాడే తల్లిదండ్రుల గడపలు ఇరవై ఏళ్లకు పైగా తొక్కిన మహిళ బేగం రుఖయ్యా సఖావత్ హుస్సేన్. బెంగాలీలు ఆమెను రొకేయా అంటారు.

ఆమె 1880లో నేటి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో, పైరాబంద్ గ్రామపు జమీందారు ఇంట పుట్టారు. ఆ ఇంట్లో ఆడపిల్లలకు ఖుర్ఆన్ పారాయణం, ఉర్దూ నేర్పేవారు గాని బెంగాలీ, ఇంగ్లీషు జోలికి పోనిచ్చేవారు కాదు. అక్క కరీమున్నిసా నేల మీద గీతలు గీసుకుంటూ దొంగచాటుగా బెంగాలీ అక్షరాలు దిద్దుకున్నారు. రాత్రి అందరూ పడుకున్నాక అన్న ఇబ్రాహీమ్ సాబిర్ దీపం వెలుగులో రుఖయ్యాకు పాఠాలు చెప్పేవారు. ఆమె చదువంతా అదే. విద్యార్థినిగా ఏ బడి గడపా ఎక్కలేదు.

1898లో భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా ఉన్న సయ్యద్ సఖావత్ హుస్సేన్‌తో వివాహమైంది. ఆయన భార్యను రాయమని ప్రోత్సహించారు. ఆడపిల్లల బడి కోసం పదివేల రూపాయలు విడిగా ఉంచారు. పుట్టిన ఇద్దరు కూతుళ్లూ పసితనంలోనే పోయారు. 1909 మే నెలలో భర్త కూడా కన్నుమూశారు. ఇద్దత్ గడువు తీరి నెల తిరగకముందే, అక్టోబరు 1న, ఆయన పేరుతోనే భాగల్పూర్‌లో బడి తెరిచారు. చేరినవారు ఐదుగురు!

ఆస్తి తగాదాల వల్ల ఆ ఊరు విడవాల్సి వచ్చింది. 1911 మార్చి 16న కలకత్తాలోని వలీఉల్లా లేన్‌లో ఎనిమిది మందితో మళ్లీ మొదలుపెట్టారు. తరగతి ఎలా నడుస్తుందో తనకు తెలియదు కనుక బ్రహ్మసమాజం వారి బడులకూ, క్రైస్తవుల బడులకూ వెళ్లి కూర్చుని చూసి నేర్చుకున్నారు. ఈ వినయం మనకు ఎంతో నచ్చుతుంది.

అసలు కష్టం బండితో వచ్చింది. పరదాకు భంగం రాకూడదని పిల్లల కోసం నాలుగు వైపులా మూసేసిన బండి చేయించారు. లోపల చీకటి, గాలి లేదు. పిల్లలు ఏడ్చారు, వాంతులు చేసుకున్నారు, కొందరు సొమ్మసిల్లారు. చేసేది లేక కిటికీలు తెరిచి గుడ్డతెరలు వేయించారు. వెంటనే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తెరలు గాలికి ఎగురుతున్నాయనీ, సరిచేయకపోతే ఉర్దూ పత్రికలకెక్కిస్తామనీ బెదిరింపు. రాసిన ఒకాయన తనను ఇస్లామీయ సోదరుడిగా చెప్పుకున్నాడు. పిల్లలు స్పృహ తప్పినందుకు మాత్రం ఆ సోదరులెవరికీ బాధ కలగలేదు కాబోలు.

రుఖయ్యా స్వయంగా బురఖా ధరించేవారు. ఆమె ఎదిరించింది పరదాను కాదు, దాని పేరుతో ఊపిరాడనివ్వకపోవడాన్ని. తొలిరోజుల రాతల్లో కొన్ని మాటలు ఘాటుగా ఉండేవి. పుస్తకంగా వచ్చినప్పుడు వాటిలో కొన్ని భాగాలు లేవు. బడిలో మాత్రం ఖుర్ఆన్ చదవడం, కుట్టుపని, లెక్కలు, భూగోళం అన్నీ ఉండేవి. 1916లో ముస్లిం స్త్రీల కోసం అంజుమనె ఖవాతీనె ఇస్లామ్ కూడా స్థాపించారు.

1915 నాటికే విద్యార్థినులు ఎనభై దాటారు. ఆమె ఉండగానే అది హైస్కూలైంది. నేడది కోల్‌కతాలో ప్రభుత్వ బాలికల పాఠశాలగా నడుస్తోంది.

1932 డిసెంబరు 9 వేకువన ఆమె మరణించారు. ముందు రాత్రి వరకు స్త్రీల హక్కుల మీద రాస్తున్న వ్యాసం పూర్తి కాకుండా బల్ల మీదే ఉండిపోయింది.