తొంభై ఏడు పౌన్ల బక్కవాడు: ఛార్లెస్ అట్లాస్ జీవితకథ

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు కొంత ఆలోచనలో పడ్డాను. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి మన సభ్యులు ఇదివరకే రాశారు. ఒళ్ళు తగ్గించుకునే ఉపాయాలు చెప్పేవారికి ఎక్కడా కొదవ లేదు. ఎంత తిన్నా ఒంటికి పట్టని వారి గోడు వినేవారే కరువు. నేను ఆ కోవలోని వాణ్ణి. ఉద్యోగంలో చేరేటప్పుడు మెడికల్ పరీక్షలో ఛాతీ కొలత చాలదేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు పూర్తిచేసి పూలదండ వేయించుకున్న రోజున కూడా నా చొక్కా సైజు అదే. అందుచేత బక్కవాళ్ళందరికీ ఒకప్పుడు ఆశాజ్యోతిగా నిలిచిన ఒక మనిషి కథ చెప్పాలనిపించింది.

ఆయన లోకానికి ఛార్లెస్ అట్లాస్‌గా తెలుసు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆంజెలో సిసిలియానో. ఇటలీ దేశపు దక్షిణాన కలాబ్రియా ప్రాంతంలో ఆక్రి అనే ఊళ్ళో 1892 అక్టోబరు 30న పుట్టారు. పదేళ్ళు దాటిన వయసులో అమెరికా చేరి న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పెరిగారు. పరాయి దేశం, రాని భాష, పేదరికం. వీటికి తోడు పుల్లలాంటి ఒళ్ళు. వీధిలో పెద్ద పిల్లలు కొడితే తిరిగి చెయ్యెత్తే శక్తి ఉండేది కాదు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే సంఘటన కోనీ ఐలండ్ సముద్రతీరంలో జరిగింది. పడుచుతనంలో ఒక అమ్మాయితో కలిసి ఇసుకలో కూర్చుని ఉండగా, బలిష్ఠుడైన ఒక వ్యక్తి వచ్చి కాలితో ఇసుక ఎగజిమ్మి ఆయన ముఖాన కొట్టాడట. ఏమీ చేయలేక తల దించుకోవలసి వచ్చింది. అప్పటి బరువు 97 పౌన్లని, అంటే సుమారు 44 కిలోలని, తర్వాత ప్రకటనల్లో చెప్పుకున్నారు. ఆ అంకె, ఆ ఇసుక కథ ఎంతవరకు నిజమో, ఎంతవరకు వ్యాపారం కోసం మెరుగు పెట్టినవో తేల్చడం కష్టం. కానీ అవమానం మాత్రం కల్పితం అయివుండదని నా నమ్మకం. సన్నగా ఉన్నవారికి అది అనుభవైకవేద్యం. పెళ్ళి భోజనాల దగ్గర గాలికి కొట్టుకుపోతావోయ్ అని నవ్వే చుట్టాలు మనకూ ఉన్నారు కదా!

ఒకనాడు బ్రూక్లిన్ మ్యూజియంలో గ్రీకు వీరుడు హెర్క్యులిస్ విగ్రహం చూసి కుర్రవాడు అక్కడే నిలబడిపోయాడు. మనిషి ఒళ్ళు అలా తయారవుతుందా అని అడిగితే, వ్యాయామంతో సాధ్యమేనని వెంట ఉన్న పెద్దలు చెప్పారు. అప్పట్లో ప్రపంచమంతా మారుమోగుతున్న పేరు యూజీన్ శాండో. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ ఈ బలశాలి 1904-05లో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. మనం నేటికీ వాడే శాండో బనీనుకు ఆ పేరు ఆయన వల్ల వచ్చిందే. ఆ రోజుల్లోనే మన వీరఘట్టం నుంచి కోడి రామమూర్తి నాయుడు గారు కూడా బలప్రదర్శనలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆంజెలో మాత్రం శాండో బొమ్మ కత్తిరించి అద్దం దగ్గర అంటించుకున్నాడు. జిమ్‌లో చేరడానికి డబ్బు లేదు. ఇంట్లోనే బరువులు తయారుచేసుకుని, తాళ్ళు, సాగే పట్టీలు లాగుతూ నెలల తరబడి కష్టపడ్డాడు. ఫలితం కనిపించలేదు.

కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. ప్రాస్పెక్ట్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో పడుకున్న సింహం లేచి ఒళ్ళు విరుచుకోవడం ఆయన కంట పడింది. కదిలే కండలు చూసి, దీనికి బరువులెవరు ఇచ్చారు, జిమ్ ఎక్కడుంది అనే ప్రశ్న పుట్టింది. ఒక కండరాన్ని మరొక కండరానికి ఎదురు నిలిపి ప్రయాస పెడుతోందన్నమాట అని ఊహించి, ఇంటికి వెళ్ళి అదే పద్ధతి మొదలుపెట్టారు. రెండు అరచేతులు ఛాతీ ముందు చేర్చి ఒకదాన్నొకటి గట్టిగా నొక్కడం, వేళ్ళు కొక్కేల్లా పెనవేసి ఇరువైపులా లాగడం, రెండు కుర్చీల మధ్య ఛాతీ దించి లేవడం, గుంజీళ్ళ వంటివి చేయడం. మన తాలింఖానాల్లో తాతల నాటి నుంచి ఉన్న దండీలు, బస్కీలు వీటికి దగ్గరి బంధువులే. కొంతకాలానికి ఒళ్ళు మారింది. ఒక స్నేహితుడు ఆయన్ని భవనం మీది అట్లాస్ విగ్రహంతో పోల్చాడట. ఆకాశాన్ని భుజాన మోసిన ఆ గ్రీకు పురాణపురుషుడి పేరే చివరికి ఆయన పేరయింది. 1922లో చట్టప్రకారం మార్చుకున్నారు.

కండలు వచ్చినంత మాత్రాన కడుపు నిండదు. తోలు పనిచేశారు. కోనీ ఐలండ్ ప్రదర్శనల్లో వారానికి 5 డాలర్ల జీతానికి ఊడ్చే పని, బలప్రదర్శన రెండూ చేశారు. మేకుల పరుపు మీద పడుకుంటే ప్రేక్షకులు వచ్చి పొట్ట మీద నిలబడేవారు. తనను అవమానించిన సముద్రతీరంలోనే ఈ ఉద్యోగం కావడం విచిత్రం. 1916 ప్రాంతంలో ఒక కళాకారుడు చూసి, శిల్పులకు నమూనాగా నిలబడమని అడిగాడు. దాంతో దశ తిరిగింది. న్యూయార్కులోని వాషింగ్టన్ స్క్వేర్ ఆర్చి మీద అధ్యక్షుడిగా నిలబడ్డ జార్జి వాషింగ్టన్ విగ్రహానికీ, అమెరికా ఖజానా కార్యాలయం దగ్గరి అలెగ్జాండర్ హామిల్టన్ విగ్రహానికీ ఒళ్ళు ఈయనదే. అవి నేటికీ ఉన్నాయి.

1921లో ఫిజికల్ కల్చర్ పత్రికాధిపతి బెర్నార్ మెక్‌ఫాడెన్ పెట్టిన పోటీలో అందగాడిగా నెగ్గి వెయ్యి డాలర్లు గెలుచుకున్నారు. మరుసటి ఏడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 775 మందితో పోటీ పడి మళ్ళీ ఆయనే గెలిచారు. ఈయన ఉన్నంతకాలం మరొకరు గెలవరని మెక్‌ఫాడెన్ ఆ పోటీనే ఆపేశాడంటారు. ఆ డబ్బుతో ఫ్రెడరిక్ టిల్నీ అనే ఆరోగ్య రచయిత సాయం తీసుకుని పోస్టు ద్వారా వ్యాయామ పాఠాలు మొదలుపెట్టారు. పాఠాలు బాగున్నాయి గాని వ్యాపారం తెలియదు. కొన్నేళ్ళకే దివాలా అంచుకు వచ్చారు.

అప్పుడు ప్రకటనల కంపెనీలో పనిచేసే ఛార్లెస్ రోమన్ అనే 21 ఏళ్ళ యువకుడు దొరికాడు. ఆ పద్ధతికి డైనమిక్ టెన్షన్ అని పేరు పెట్టినవాడు, ఇసుక కథను బొమ్మల ప్రకటనగా మలచినవాడు అతనే. 1929లో ఇద్దరూ భాగస్వాములయ్యారు. అదే ఏడాది అమెరికా ఆర్థికంగా కుప్పకూలింది. ఉద్యోగాలు పోయి ఆత్మవిశ్వాసం చితికిన జనానికి ఏ పరికరమూ కొనకుండా ఇంట్లోనే బలం తెచ్చుకోవచ్చునన్న మాట బాగా పట్టింది. సుమారు 30 డాలర్లకు వారం వారం వచ్చే ఆ పాఠాలను దేశదేశాల కుర్రవాళ్ళు లక్షల సంఖ్యలో తెప్పించుకున్నారు. అంధుల కోసం బ్రెయిలీలో కూడా వేశారు. విదేశీ కామిక్ పుస్తకాల వెనక అట్టలపై చిరుతపులి చర్మపు చెడ్డీతో నిలబడ్డ ఆ మనిషిని మన సభ్యుల్లో కొందరైనా చిన్ననాట చూసే ఉంటారు.

1938లో న్యూయార్కు క్వీన్స్ యార్డులో ఒక రైలింజన్‌ను తాడుతో 112 అడుగులు లాగారు. బరువు 1,45,000 పౌన్లు, అంటే దాదాపు 65 టన్నులు. పట్టాల మీద చక్రం ఒకసారి కదిలితే తర్వాత లాగడం అంత కష్టం కాదని రైల్వేలో పనిచేసిన మిత్రులు చెబుతారు. ఆ మొదటి కదలిక తేవడమే గొప్ప.

అందరూ మెచ్చారని కాదు. బరువులు, బార్‌బెల్ అమ్మే బాబ్ హాఫ్‌మన్ వంటివారు ఈ పద్ధతిని బాహాటంగా ఎగతాళి చేశారు. ఆ కండలు ఒట్టి చేతులతో వచ్చినవి కావు, రహస్యంగా బరువులు ఎత్తే ఉంటాడని వారి ఆరోపణ. తగవు 1930లలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా పోయింది. ఇరువైపులా కొంత నిజం ఉందని నాకనిపిస్తుంది. బలహీనుడు మొదట్లో ఏ ఎదురుబలంతో శ్రమించినా కండ పెరుగుతుంది. అరచేతులు నొక్కినా, దండీలు తీసినా కండరానికి తేడా తెలియదు. కాని ఒళ్ళు ఆ శ్రమకు అలవాటు పడ్డాక భారం కాస్త కాస్త పెంచుతూ పోకపోతే పెరుగుదల ఆగిపోతుంది. చేతితో చెయ్యి నొక్కితే ఎంత పెంచామో కొలవడం కుదరదు. అక్కడ బార్‌బెల్ వారిదే పైచేయి. పైగా, ఎముకల తీరు, కండ పట్టే గుణం పుట్టుకతో వచ్చేవి. ఒకే పాఠం చదివిన లక్షల మందిలో రెండో అట్లాస్ రాకపోవడానికి అదొక కారణం.

తిండి విషయంలో అట్లాస్ పాఠాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. పాలకు పెద్దపీట. పళ్ళు, కూరలు, నమిలి తినడం, ఎండ, గాలి, కంటినిండా నిద్ర. తెల్లపిండి, పంచదార, సిగరెట్టు, మద్యం వద్దు. మా అమ్మ చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. నేటి వైద్యులు దీనికి అంకెలు చేర్చారు. వయసు మీరినవారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటున్నారు. యాభై కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 లేక 7, గుప్పెడు వేరుశనగ గుళ్ళలో 7 గ్రాములు ఉంటాయి. చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునే మన రాత్రి భోజనంలో ఎంత వస్తుందో లెక్క వేసుకుంటే దిగులు పుడుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పప్పు, గుడ్డు పెంచకూడదు.

ఇదంతా కుర్రవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. రెండేళ్ళ క్రితం జ్వరంతో మూడు వారాలు మంచం పట్టి లేచేసరికి ఆరు కిలోలు తగ్గాను. సత్యనారాయణ వ్రతంలో పీట మీద కూర్చున్నవాణ్ణి చేతులు ఆనించినా లేవలేకపోయాను. మనవడు చంకల కింద చేతులు వేసి లేపాడు. నాటి సిగ్గు ఆ సముద్రతీరపు ఇసుకకు తీసిపోదు. రక్తపరీక్షలు, ఎక్స్‌రే చేయించి షుగరు, థైరాయిడ్, క్షయ ఏవీ లేవని తేల్చాక డాక్టరుగారు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమన్నారు. మొదట రోజుకు అయిదుసార్లు. కారణం తెలియకుండా బరువు తగ్గేవారు ముందు ఆ పరీక్షలు చేయించుకోవడం తప్పనిసరి.

ముదిమిలో కండ పెరగదన్న అపోహ 1990లోనే బద్దలయింది. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పూర్తిచేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండరం 9 శాతం పెరిగింది. అట్లాస్ ఆ ఫలితం చూసి ఉంటే తప్పక ప్రకటనలో వేయించేవారు! ఒక్క జాగ్రత్త. ఆయన చెప్పిన నొక్కుడు, లాగుడు వ్యాయామాల్లో ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. బి.పి. ఉన్నవారు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడగాలి. ఊపిరి ఆపకుండా మెల్లగా చేయాలి.

అట్లాస్ వ్యక్తిగత జీవితం నిరాడంబరంగా సాగింది. 1918లో మార్గరెట్‌ను పెళ్ళాడారు. కొడుకుకు హెర్క్యులిస్ అని, కూతురికి డయానా అని పేర్లు పెట్టుకున్నారు. 1965లో భార్య పోయాక బాగా కుంగిపోయారు. తర్వాత కంపెనీలో తన సగం వాటా రోమన్‌కు అమ్మేశారు. లాంగ్ బీచ్‌లో సముద్రపు ఒడ్డున ఇల్లు. వయసు మీరినా వ్యాయామం మానలేదు, తీరం వెంట పరుగెత్తడం మానలేదు. 1972 డిసెంబరులో క్రిస్మస్ పండుగకు ముందు, ఎనభయ్యవ ఏట గుండెజబ్బుతో కన్నుమూశారు.

ఆయన ఒంటి కొలతలు జార్జియా రాష్ట్రంలోని ఓగల్‌థార్ప్ విశ్వవిద్యాలయంలో ఒక నేలమాళిగలో భద్రపరిచారు. మన నాగరికత ఆనవాళ్ళు భావితరాలకు తెలియాలని 1940లో మూసిన గది అది. తెరవవలసింది 8113వ సంవత్సరంలో. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 180 పౌన్లు, ఛాతీ 47 అంగుళాలు, నడుము 32. నా కొలతలు ఎవరూ దాచరు గాని, కుర్చీ లెక్క మాత్రం ఇప్పుడు పూటకు ఇరవైకి వచ్చింది. పోయిన ఆరు కిలోల్లో నాలుగు తిరిగొచ్చాయి.