పునీత దేవసహాయం: చెరలోనూ చెదరని విశ్వాసం

క్రీస్తును నమ్మితే కష్టాలు తీరిపోతాయని ఆశపడతాము. పునీత దేవసహాయం గారికి అలా జరగలేదు.

1712లో నేటి తమిళనాడులోని నట్టాలంలో హిందూ కుటుంబంలో పుట్టిన ఆయన అసలు పేరు నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. ఇంట వరుస నష్టాలతో కుమిలిపోతుండగా, డచ్చి సేనాని డిలనాయ్ ఆయనకు యోబు చరిత్ర వినిపించారు. ఆ కథ ఆయన మనసు మార్చింది. 1745 మే 14న వడక్కన్‌కుళంలో యేసుసభ గురువు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు.

అటుపై కష్టాలు పెరిగాయి. కులభేదం పాటించక అందరినీ సమానంగా చూసినందుకు కొందరు పగబట్టారు. 1749లో చెరసాల, తర్వాత మూడేళ్ళ చిత్రహింసలు. దున్నపోతు మీద ఊరేగించి అవమానించారు. విశ్వాసం విడిచిపెడితే విడుదల దొరికేది. ఆయన విడిచిపెట్టలేదు. 1752 జనవరి 14న ఆరల్వాయిమొళి కొండమీద తుపాకులతో కాల్చి చంపారు. 2022 మే 15న ఫ్రాన్సిస్ పాపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. భారతదేశ గృహస్థులలో ఆయనే మొదటి పునీతుడు.

యోబుకు పోయినవన్నీ తిరిగి వచ్చాయి. దేవసహాయం గారికి ఈ లోకంలో ఏదీ తిరిగి రాలేదు. అయినా ప్రభువును విడువలేదు. ప్రియ విశ్వాసులారా, జబ్బు చేసినా, పంట పోయినా, అప్పు మీద పడినా, ప్రార్థన మానాలనిపించిన రోజున ఈ వేదసాక్షిని తలచుకుందాం.