దయ్యం కథ విన్న మాస్టారు: అబ్రహాం కోవూర్

దయ్యం పట్టిందంటే మన గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో ముందు వేపమండలు గుర్తొస్తాయి. కోవూర్‌కు మాత్రం మనిషి గుర్తొచ్చేవాడు.

ఆయన 1898లో కేరళలోని తిరువల్లలో, మార్తోమా చర్చి మతగురువు ఇంట పుట్టారు. కలకత్తాలో చదివి, సింహళం వెళ్లి వృక్షశాస్త్రం చెప్పారు. 1959లో రిటైరయ్యాక పూర్తికాలం దయ్యాల సంగతి తేల్చడానికే పూనుకున్నారు. మహిమ నిరూపిస్తే లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు చేశారు. ఎవరూ గెలవలేదు.

దయ్యాల్ని నమ్మకపోయినా, పట్టిందని వచ్చినవాళ్లను ఆయన తరిమేయలేదు. కూర్చోబెట్టి, ఇంటి సంగతులడిగి, బాధకు మూలం వెదికి, హిప్నాటిజంతో చికిత్స చేశారు. 1978లో కన్నుమూశాక కళ్లూ దేహమూ కూడా దానమిచ్చారు.

వైద్యుడు గుడికి వెళ్లొచ్చు, మానొచ్చు. రోగి ముందు మాత్రం తన నమ్మకం కన్నా రోగి మాట పెద్దది కావాలి. మిత్రులారా, మనవాళ్లకు మతి చెదిరితే భూతవైద్యుడి వాకిలి కాదు, ఆసుపత్రి గడప తొక్కుదాం.